క్షేమ సమాచారం కూడా సహాయమే

ఊళ్లో విపత్తు వచ్చిన ప్రతిసారీ మన ప్రవాస సంఘాల్లో మొదట వినపడే ప్రశ్న "ఎంత వసూలైంది?" అన్నదే. మంచి ప్రశ్నే, కాదనను. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందని హుద్‌హుద్ నాటి నుంచీ వాదిస్తున్నాను. మనవాళ్లు క్షేమంగా ఉన్నారో లేదో ఆ కబురు మనకు చేర్చే బాధ్యత ఎవరిది?

2014 అక్టోబర్ 12, ఆదివారం. సౌదీలో ఆదివారం పనిదినం. నేను జుబైల్‌లో ప్లాంటుకు వెళ్లేసరికి తుఫాను విశాఖ మీదకు వస్తోంది. గాజువాకలో మా అమ్మ ఒక్కతే ఉంది. పొద్దున ఒకసారి ఫోన్ కలిసింది. "గాలి ఎక్కువగా ఉందిరా" అంది, అంతే. ఆ తర్వాత మూడు రోజులు ఏ నెట్‌వర్కూ పలకలేదు. టీవీ వాళ్లు బీచ్ రోడ్డునూ, దెబ్బతిన్న విమానాశ్రయాన్నీ చూపించిందే చూపించారు. మా వీధి ఏ చానల్లోనూ కనపడలేదు.

ఆ తుఫానుకు పేరు పెట్టింది ఒమన్. హుద్‌హుద్ అంటే తలమీద కిరీటంలా జుట్టుండే పిట్ట. సులేమాన్ ప్రవక్తకు షీబా దేశపు వార్త తెచ్చిన పిట్ట అదేనని మా ఈజిప్టు సూపర్‌వైజర్ చెప్పాడు. వార్తలు మోసే పిట్ట పేరు పెట్టుకుని మాకు వార్తే లేకుండా చేసింది!

"టికెట్ కొనుక్కుని వెళ్లలేకపోయావా?" అని అమెరికా మిత్రులు అడుగుతుంటారు. అప్పట్లో ఇక్కణ్ణుంచి కదలాలంటే యజమాని ఒప్పుకుని ఎగ్జిట్ రీఎంట్రీ వీసా ఇప్పించాలి. 2021 మార్చి నుంచి చాలామంది ఉద్యోగులు తామే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు కానీ, ఇళ్లలో పనిచేసేవాళ్లకూ డ్రైవర్లకూ ఆ సంస్కరణ వర్తించలేదు. నాకు వీసా వచ్చినా దిగడానికి విశాఖ విమానాశ్రయం తెరిచి లేదు. పోనీ చందాలు పోగుచేద్దామా అంటే అనుమతి లేకుండా ఆ పని చేయడం ఇక్కడ నేరం. వెళ్లలేం, వసూలు చేయలేం. తెలుసుకోవడం ఒక్కటే మిగిలింది, అదీ కుదరలేదు.

చివరికి మా క్యాంపులో ఉన్న ఒక వెల్డర్ బావమరిది, లారీ డ్రైవరు, మా ఇంటికి వెళ్లి చూసి, తుని దగ్గర సిగ్నల్ దొరికాక మెసేజ్ పెట్టాడు. "అమ్మ బాగుంది. రేకులు పోయాయి. నీళ్లు లేవు." సాయంత్రానికల్లా అతని నంబరు క్యాంపంతా పాకింది. పాపం, ఎన్ని తలుపులు తట్టాడో.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. రాష్ట్రం విడిపోయి నాలుగు నెలలే. ముఖ్యమంత్రి చంద్రబాబు విశాఖలోనే మకాం వేశారు. ప్రధాని మోదీ అక్టోబర్ 14న వచ్చి వెయ్యి కోట్లు ప్రకటించారు. బియ్యానికి లెక్క ఉంది, పాలకు లెక్క ఉంది. క్షేమ సమాచారం మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

ఇది సెంటిమెంటు అనేవాళ్లున్నారు. కాదండీ. గల్ఫ్ కుటుంబాల్లో డబ్బు పంపేవాడు ఇక్కడుంటాడు. అమ్మను అన్నవరం చుట్టాలింటికి పంపాలా, ముందు రేకులు వేయించాలా అన్నది అతను తేల్చాలి. ఏం జరిగిందో తెలియకుండా ఏం తేలుస్తాడు?

ఆరు నెలలకే, 2015 ఏప్రిల్ 25న, నేపాల్ భూకంపం వచ్చింది. మా ప్లాంటులో నేపాలీ కార్మికులదీ అదే అవస్థ, ఇంకా ఘోరంగా. తుఫానుకు ముందస్తు హెచ్చరికైనా ఉంటుంది, భూకంపానికి అదీ లేదు. ఫేస్‌బుక్ వాళ్ల సేఫ్టీ చెక్ అప్పుడు చాలామందికి పనికొచ్చింది. కానీ టవరు కూలిన కొండ ఊరికి ఫేస్‌బుక్ ఎక్కడిది? యుద్ధాల్లో, విపత్తుల్లో విడిపోయినవాళ్ల జాడ తీసి కబురు చేర్చడాన్ని రెడ్‌క్రాస్ ఎప్పటినుంచో సహాయ కార్యక్రమంగానే చూస్తోంది. మన జిల్లా యంత్రాంగం ఎందుకు చూడదు?

కొంత మార్పు వచ్చింది. 2023లో గుజరాత్‌లో బిపర్‌జాయ్ తుఫానప్పుడు ఒక కంపెనీ సిగ్నల్ పోతే ఇంకో కంపెనీ టవరు వాడుకునే ఏర్పాటు చేశారు. అన్ని టవర్లూ పడిపోతే, లేదా ఫోన్లో చార్జింగే లేకపోతే? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు డ్రోన్లతో తిండి పొట్లాలు దింపారు. మెచ్చుకోవాల్సిందే. బోటులో పొట్లం ఇచ్చే మనిషే ఒక నోటుపుస్తకంలో పేరు, డోరు నంబరు, ఎవరికి కబురు చేయాలో ఆ ఫోన్ నంబరు రాసుకుంటే, రాత్రికి కలెక్టరేట్ నుంచి మెసేజ్‌లు వెళతాయి. వార్డు సచివాలయాలున్నాయి, సిబ్బంది ఉన్నారు. కొత్తగా పైసా బడ్జెట్ అక్కర్లేదు.

అడగడానికి మనకున్న బలం తక్కువే. 2010 చట్ట సవరణతో ప్రవాసులకు ఓటు వచ్చింది గానీ, అది వేయాలంటే సొంతూరి బూత్‌కి స్వయంగా వెళ్లాలి. జుబైల్ నుంచి ఎంతమంది వెళ్తారో మీరే ఊహించుకోండి. అయితే మన నాయకులు డల్లాస్‌కీ దమ్మామ్‌కీ వస్తూనే ఉంటారు, మనం శాలువాలు కప్పుతూనే ఉంటాం. ఈసారి వచ్చినప్పుడు, శాలువా కప్పే ముందే, ఆ నోటుపుస్తకం సంగతి అడగండి.