రాత్రి వేళ మంచం పక్కన ఎవరు?

ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే ఏ నర్సింగ్ హోమ్‌కు తీసుకువెళ్లాలన్నది మనం చాలాసార్లు గడప దాటాక తేల్చుకుంటాం. ఫలానా వారి కోడలికి అక్కడే కాన్పయిందని ఒకరంటారు. డాక్టరు హస్తవాసి మంచిదని ఇంకొకరంటారు. ఏమీ తోచకపోతే ఆటో అబ్బాయి ఎక్కడ దించితే అదే మన ఆసుపత్రి. ఖుర్బానీకి మేకను కొనేటప్పుడు పళ్లు చూస్తాం, కన్ను చూస్తాం, కుంటుతోందేమోనని నాలుగడుగులు నడిపించి చూస్తాం. కూతురికి సంబంధం వస్తే పది ఇళ్లలో వాకబు చేస్తాం. కన్నతల్లిని పడుకోబెట్టబోయే మంచం విషయంలో మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగం.

ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు మీద తుర్కయాంజాల్ మీదుగా ఇబ్రహీంపట్నం దాకా వెళ్లేవారికి ఈ మాట వివరించనక్కర లేదు. పొలాలున్న చోట కాలనీలు వెలిశాయి. రాగన్నగూడ, ఇంజాపూర్, కోహెడ వంటి ఊళ్లు నగరంలో కలిసిపోతున్నాయి. జనంతో పాటు ఆసుపత్రి బోర్డులూ వచ్చాయి. బోర్డు మీద పేర్లు, వాటి పక్కన పొడుగాటి డిగ్రీలు. ఆ పేర్లలో ఎవరు రోజంతా ఉంటారు, ఎవరు వారానికి రెండుసార్లు గంటసేపు వచ్చి వెళతారు అన్నది మాత్రం బోర్డు చెప్పదు.

అడగకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతం వారు 2022లో చూశారు. ఆ ఏడాది ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సామాజిక ఆరోగ్య కేంద్రంలో 34 మంది ఆడవారికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. పొట్టకు చిన్న గాటు పెట్టి గొట్టం లాంటి పరికరంతో చేసే ఆపరేషన్ అది. ఆ నెల ముగిసేలోగా వారిలో నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్న పిల్లల తల్లులే. మిగతావారిలో పలువురిని హైదరాబాదులోని నిమ్స్‌కు, అపోలోకు తరలించి చికిత్స చేయించాల్సి వచ్చింది. ఇన్ఫెక్షన్ సోకకుండా తీసుకోవలసిన జాగ్రత్తల్లో లోపం జరిగిందని విచారణలో తేలింది. ఆసుపత్రి సూపరింటెండెంటును సస్పెండ్ చేశారు. చనిపోయినవారి కుటుంబాలకు అయిదేసి లక్షలు ప్రకటించారు. కుటుంబ నియంత్రణ మంచిదా చెడ్డదా అన్న చర్చకు ఇది చోటు కాదు. ఆరోగ్యంగా నడిచి వచ్చిన ఆడకూతుళ్లు అయిదారు రోజుల్లో జనాజాగా, శవయాత్రగా ఇంటికి ఎందుకు తిరిగి వెళతారన్నదే మా ప్రశ్న.

దీనికి పెద్ద యంత్రాలు, గొప్ప వైద్యశాస్త్రం కారణం కావు. ఒకరికి వాడిన పరికరాన్ని ఇంకొకరికి వాడేముందు మందు నీళ్లలో నిర్ణీత సమయం, కనీసం ఇరవై నిమిషాలు, నానబెట్టి కడగాలి. అందుకే ఇలాంటి ఆపరేషన్లు ఒక బృందం రోజుకు 30కి మించి చేయరాదని, మూడు పరికరాలైనా చేతిలో ఉండాలని కేంద్ర ప్రభుత్వం ఏనాడో హద్దు పెట్టింది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో 2014 నవంబరులో ఇలాంటి శిబిరంలోనే పదమూడు మంది ఆడవారు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఈ శిబిరాల పద్ధతినే మూడేళ్లలో మానుకోవాలని ప్రభుత్వాలకు చెప్పింది. అంతా కాగితం మీద ఉంది. పరికరం నానిందా లేదా అని గడియారం చూసే మనిషి ఉన్నాడా అన్నది కాగితం చెప్పదు.

ఇలాంటిది జరిగినప్పుడల్లా మన ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: సర్కారు దవాఖానా అంటే అంతే, అప్పో సప్పో చేసి ప్రైవేటుకే పోదాం అని. ఈ మాట మాకు పూర్తిగా రుచించదు. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లోనూ పరికరాలు కడిగేది మనిషే, సూది వేసేది మనిషే. ఇబ్రహీంపట్నంలో ఏం జరిగిందో లోకమంతా తెలుసుకున్నది అది ప్రభుత్వ ఆసుపత్రి కాబట్టి. అక్కడ విచారణ జరిగింది, వార్తలు వచ్చాయి. పది మంచాల నర్సింగ్ హోమ్‌లో గాయం చీము పడితే ‘మీ అమ్మకు షుగరుంది కదా’ అని ఒక్క మాటతో సరిపెడితే అడిగేదెవరు? ఆ ఏడాది సెప్టెంబరులో రాష్ట్ర ఆరోగ్యశాఖ ప్రైవేటు ఆసుపత్రులన్నింటినీ తనిఖీ చేయిస్తే రిజిస్ట్రేషన్ లేనివి, అర్హులైన సిబ్బంది లేనివి బయటపడ్డాయి, కొన్నింటికి తాళాలు పడ్డాయి. తాళం పడే ముందు రోజు దాకా వాటిలోనూ మనలాంటివారే మంచాల మీద ఉన్నారు.

కాబట్టి డాక్టరు పేరు తర్వాత. ముందు అడగవలసింది సిస్టర్ల గురించి.

డాక్టరు రోగి దగ్గర గడిపేది రోజుకు పది నిమిషాలు. మిగతా ఇరవై మూడు గంటల యాభై నిమిషాలూ రోగి ప్రాణం నర్సు చేతిలో ఉంటుంది. సెలైన్ అయిపోయిందా, జ్వరం పెరిగిందా, ఆపరేషన్ అయిన మనిషి ఊపిరి తేడాగా ఉందా, కాన్పయిన తల్లికి రక్తస్రావం ఆగిందా... వీటిని ముందుగా కనిపెట్టేది ఆమె. కనిపెట్టలేకపోతే పెద్ద డాక్టరు కారు దిగేసరికి ఆలస్యమైపోతుంది. సాధారణ వార్డులో ఆరు మంచాలకు ఒక నర్సు, ఐసీయూలో ఒక్కో మంచానికి ఒక నర్సు ఉండాలన్నది కేంద్ర ప్రభుత్వ లెక్క. రాత్రి పదింటికి మన చిన్న నర్సింగ్ హోమ్‌లలో రెండంతస్తులకు కలిపి ఒకే అమ్మాయి కనిపిస్తే ఆ లెక్కను మీరే వేసుకోండి.

ఆ అమ్మాయి నర్సేనా అన్నది ఇంకో ప్రశ్న. తెల్ల కోటు వేసుకున్న ప్రతి అమ్మాయీ నర్సు కాదు. ఏఎన్ఎం చదువు రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగు నాలుగేళ్లు. చదివినవారి పేరు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదై ఉంటుంది. పదో తరగతితో ఆపేసి, పనిలో చేరి, చూసి చూసి సూది వేయడం నేర్చుకున్న పిల్లలు కూడా అదే కోటు వేసుకుంటారు. ఆ పిల్లలను మేము తప్పుపట్టడం లేదు. వారిలో మన ఇళ్ల ఆడపిల్లలూ ఉన్నారు, చాలీచాలని జీతానికి రాత్రంతా మేలుకుంటున్నారు. యాభై మంచాలకంటే తక్కువున్న ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు ఇరవై వేలకు తగ్గకుండా ఇవ్వాలని, సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన కమిటీ సిఫారసు చేసింది. ఎన్ని చోట్ల ఇస్తున్నారో ఆ పిల్లలనే అడిగి తెలుసుకోవచ్చు. చదివిన నర్సుకు తగిన జీతం ఇవ్వని ఆసుపత్రిలో ఆమె నిలవదు. గల్ఫ్‌కో లండన్‌కో పోతుంది. ఆమె ఖాళీ చేసిన కుర్చీలో కూర్చునేది నిన్న చేరిన పిల్ల. మనం కట్టే బిల్లులో మాత్రం ‘నర్సింగ్ చార్జీలు’ అని ఒక గీత తప్పకుండా ఉంటుంది!

వైద్యుణ్ణి పరీక్షించి చూడడం మనకు కొత్త విద్య కాదు. హిజ్రీ 319లో, అంటే 931లో, బాగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వల్ల రోగి చనిపోయాడని ఖలీఫా ముఖ్తదిర్‌కు తెలిసింది. సినాన్ ఇబ్న్ సాబిత్ అనే పెద్ద వైద్యుని చేత పరీక్ష చేయించుకోకుండా ఎవరూ వైద్యం చేయరాదని ఆయన ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పరీక్షకు ఒక్క బాగ్దాదులోనే ఎనిమిది వందల అరవైకి పైగా వైద్యులు హాజరయ్యారని చరిత్రకారులు రాశారు. బజారులో తూకాలు చూసే ముహ్తసిబే మందుల అంగడినీ, వైద్యుణ్ణీ కూడా తనిఖీ చేసేవాడు. అంతకు ముందే మదీనాలో మస్జిదె నబవీ ఆవరణలో గుడారం వేసి గాయపడినవారికి సేవ చేసిన రుఫైదా పేరు మనందరం గౌరవంగా తలుచుకుంటాం. ఆమెను తలుచుకునే మనం వార్డులో సిస్టరును ‘ఏయ్ పిల్లా’ అని పిలవడం ఏం మర్యాద?

కాన్పుల విషయం వేరుగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్‌తోనే అయ్యాయి. ప్రైవేటు ఆసుపత్రులు మాత్రమే తీసుకుంటే నూటికి 81, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44. సిజేరియన్ ప్రాణం కాపాడే ఆపరేషన్, అవసరమైన చోట దాన్ని ఆపమని ఎవరూ అనరు. కానీ నూరు మంది తల్లుల్లో ఎనభై మందికి సహజంగా కాన్పు కాదంటే నమ్మగలమా? రాత్రంతా నొప్పులు పడే తల్లి పక్కన కూర్చోవడానికి అనుభవమున్న నర్సు కావాలి, ఓపిక కావాలి. ఆపరేషన్‌కు గంట చాలు, బిల్లు కూడా పెద్దది. ముహూర్తం చూసి కోయించుకునే కుటుంబాల తప్పూ ఇందులో కొంత ఉంది. మన ఇళ్లలో ముహూర్తాలు లేకపోయినా ‘నొప్పులు చూడలేం, కోసేయండి’ అనే అత్తలు లేకపోలేదు. ఏడో నెలలోనే వెళ్లి, పోయిన నెల మీ దగ్గర ఎన్ని కాన్పులయ్యాయి, వాటిలో మామూలు కాన్పులెన్ని అని అడగండి. లెక్క చెప్పే ఆసుపత్రి మీద కొంత నమ్మకం పెట్టుకోవచ్చు. విసుక్కుంటే అదీ ఒక జవాబే.

చదువు లేని అమ్మ కూడా కళ్లతో చూసి తెలుసుకోగలిగినవి చాలా ఉన్నాయి. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లేటప్పుడు సిస్టరు చేతులు కడుక్కుంటోందా? సూదిని మన ఎదుట కొత్త పొట్లం చించి తీస్తోందా? వార్డులో పసుపు, ఎరుపు, నీలం డబ్బాలు, సూదులకు తెల్ల డబ్బా వేరువేరుగా ఉన్నాయా, లేక రక్తపు దూది, టిఫిన్ పొట్లాలు ఒకే బుట్టలో ఉన్నాయా? మెట్లకు అడ్డంగా పాత మంచాలు పడేశారా? ఈ చివరి ప్రశ్న చాదస్తం కాదు. విజయవాడలో హోటలును కోవిడ్ కేంద్రంగా మార్చిన చోట 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున మంటలు లేచి కనీసం పది మంది చనిపోయారు. ఒకసారి రాత్రి పూట, రోగిగా కాక చూడవచ్చినవారిగా వెళ్లి రండి. పగటి ఆసుపత్రి వేరు, రాత్రి ఆసుపత్రి వేరు. డ్యూటీ డాక్టరు ఎవరు, ఏం చదివారు, భవనంలోనే ఉంటారా, ఫోను చేస్తే వస్తారా? ఆడవారి వార్డులో రాత్రి ఆడ సిబ్బంది ఉంటారా? పర్దాలో ఉండే మన ఆడవారు ఈ మాట అడగడానికి మొహమాటపడి, బాధ వచ్చినా తెల్లారేదాకా ఓర్చుకుంటారు. అడగవలసింది వెంట వెళ్లిన మగవారు.

ఇక కాగితాలు. చికిత్సల రేట్లు అందరికీ కనిపించే చోట ఇంగ్లీషులోనూ, స్థానిక భాషలోనూ పెట్టాలని క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నిబంధనలు చెబుతున్నాయి. రోగి కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నియమం. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే కాగితంలో ఏముందో తెలుగులోనో ఉర్దూలోనో చదివి చెప్పమనండి. తొందరగా పెట్టండమ్మా అంటే పెట్టకండి. అన్నిటికంటే ముఖ్యమైనది, బిల్లు బాకీ ఉందని మయ్యిత్‌ను ఆపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఈ మాట స్పష్టంగా ఉంది. ఖననానికి ఆలస్యం చేయని మన కుటుంబాలను ఈ ఒక్క భయంతోనే రాత్రికి రాత్రి నగలు తాకట్టు పెట్టిస్తున్నారు.

ఒంటరి కుటుంబం అడిగితే కౌంటరులో విసుక్కుంటారు. మస్జిదు కమిటీ తరఫున నలుగురు వెళ్లి అడిగితే కుర్చీ వేస్తారు. ప్రతి మొహల్లాలో ఒక నోటుబుక్కు పెట్టమని మేము కోరుతున్నాం. ఎవరు ఏ నర్సింగ్ హోమ్‌లో చేరారు, రాత్రి ఎవరున్నారు, మొదట చెప్పింది ఎంత, చివరికి కట్టింది ఎంత, గాయం మానిందా లేదా అన్నది జుమా తర్వాత పది నిమిషాల్లో రాసుకోవచ్చు. బాగా చూసినవారి పేరూ రాయాలి, మంచి సిస్టరు పేరు మరీ రాయాలి. పుకార్లు రాయకూడదు. సొంతంగా చూసిందే, తేదీతో సహా రాయాలి. పక్క బస్తీలోని హిందూ, క్రైస్తవ సోదరులను కూడా కలుపుకుంటే పుస్తకం ఇంకా త్వరగా నిండుతుంది. జ్వరానికి మతం లేదు. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకమే సాగర్ రోడ్డు మీది ఏ బోర్డుకన్నా ఎక్కువ నిజం చెబుతుంది. అందులో ఒకే ఆసుపత్రి మీద మూడు నాలుగు ఫిర్యాదులు కనిపిస్తే దాని నకలు తీసుకుని జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకుని రండి.