గోడమీది ఎర్ర సిలిండరును చూసేదెవరు?

(మా విలేకరి)

సిద్దిపేట: పత్తి అమ్ముకునేందుకు జిన్నింగు మిల్లుకు పోయినా, పెండ్లికని ఫంక్షను హాలుకు పోయినా, జ్వరమొచ్చి ప్రైవేటు ఆస్పత్రికి పోయినా గోడమీద ఎర్రటి సిలిండరు ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. అది ఉన్నది గనుక భయం లేదని అనుకోవడం అందరికీ అలవాటైపోయింది. ఆ సిలిండరు పనిచేస్తుందా, దానిని చివరిసారి ఎవరు చూశారు, ఎన్నడు చూశారు అని అడిగేవారు మాత్రం అరుదు. నిప్పు పుట్టిన నాడే ఆ సంగతి బయటపడుతున్నది. అప్పటికి చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్లే అవుతున్నది.

ఇది పట్నం వాళ్ల గొడవ, పల్లెవాళ్లకు ఎందుకని అనుకుంటే పొరపాటు. 2023 మార్చి 16వ తేదీ సాయంత్రం సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. వారంతా వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల నుంచి కొలువు కోసం వచ్చిన, పాతికేళ్లయినా నిండని పిల్లలు. వారి ప్రాణం తీసింది మంటకంటె పొగ. ఆ భవనంలో మంటలార్పే ఏర్పాట్లు పనిచేసే స్థితిలో లేవని అధికారులు అప్పట్లో వెల్లడించిన విషయం విదితమే. అంతకు ఏడాది ముందు, 2022 మార్చి 23న తెల్లవారుజామున, సికింద్రాబాదు బోయిగూడలోని తుక్కు గోదాములో పైన పడుకున్న 11 మంది బీహారు కూలీలు దిగిరాలేక అసువులు బాశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 12న రూబీ హోటలు భవనంలో కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూము నుంచి లేచిన మంటలు, పొగలకు ఎనిమిది మంది బలయ్యారు.

2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చింది. రాజీవ్ రహదారి మీద బస్సులు ఎటూ ఉన్నాయి. మన పల్లెల పిల్లలు కూడా అటువంటి కాంప్లెక్సులలోనే పనిచేస్తున్నారు, అటువంటి గోదాముల పక్కనే అద్దెకు ఉంటున్నారు. కనుక ఎర్ర సిలిండరు సంగతి మన ఇంటి సంగతే.

చట్టం ఎంతవరకు?

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో చేసిన అగ్నిమాపక సేవల చట్టం తెలంగాణలోనూ అమలులో ఉన్నది. 15 మీటర్లు, అంతకు మించి ఎత్తున్న వ్యాపార భవనాలు, 18 మీటర్లు దాటిన నివాస భవనాలు అగ్నిమాపక శాఖ అనుమతి పొందాలి. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షను హాళ్ల వంటి జనం గుమికూడే చోట్లకు నియమం ఇంకా గట్టిది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లకు చేరినా అనుమతి ఉండవలసిందే.

అయితే మన పట్టణాల్లోని దుకాణాలలో అత్యధికం ఆ ఎత్తుకు రావు. పురపాలక సంఘం ఇచ్చే వ్యాపార లైసెన్సుతోనే అవి నడిచిపోతున్నాయి. అక్కడ సిలిండరు పెట్టడం, దానిని మంచిగా ఉంచడం యజమాని బుద్ధికే మిగులుతున్నది. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

సిలిండర్ల నిర్వహణకు భారత ప్రమాణాల సంస్థ 2190 నంబరు నియమావళిని ఏర్పరచింది. దాని ప్రకారం భవనంలో ఎక్కడ నిలబడినా 15 మీటర్లలోపు సిలిండరు అందాలి. యజమాని నెలకోసారి స్వయంగా చూసుకోవాలి. తెలిసిన వారి చేత ఏటా సర్వీసు చేయించాలి. పౌడరు సిలిండరుకు మూడేళ్లకోమారు, కార్బన్ డయాక్సైడు సిలిండరుకు అయిదేళ్లకోమారు ఒత్తిడి పరీక్ష జరగాలి. పౌడరు రకానికి పదేళ్లు, కార్బన్ డయాక్సైడు రకానికి పదిహేనేళ్లు ఆయువుగా లెక్కిస్తారు. ఆ తర్వాత పైన రంగు ఎంత మెరిసినా అది పనికిరాని డబ్బాయే.

చీటీ మార్చితే సర్వీసేనా?

ఈ పని చేసి పెట్టేందుకు కాంట్రాక్టర్లు ఉన్నారు. వారిలో నిజాయితీగా చేసేవారు లేకపోలేదు. వారు సిలిండరు విప్పి, పౌడరు గడ్డ కట్టిందేమో చూసి, తూకం వేసి, గ్యాసు నింపి, తేదీ రాసి సంతకం చేస్తారు. అయితే యజమానికి కావలసింది కాగితం మాత్రమే అయినప్పుడు, తక్కువకు చేస్తానన్న వాడికే పని దొరుకుతుంది. తక్కువకు ఒప్పుకున్న వాడు గుడ్డతో తుడిచి, పాత చీటీ పీకి కొత్త చీటీ అతికించి పోతే పట్టుకునేవారు లేరు. నెలల తరబడి కదలకుండా ఉన్న పౌడరు అడుగున బిగిసిపోతుంది. వాల్వు దగ్గర గ్యాసు కొద్దికొద్దిగా కారిపోతుంది. చీటీ మాత్రం కొత్తగానే ఉంటుంది.

ఇది రాసే ముందు పట్టణంలో కొన్ని దుకాణాలు చూడగా, చీటీ మీద తేదీ దాటినవి, బస్తాల వెనుక కనిపించకుండా పోయినవి ఎదురైనాయి. ఒకచోట పనిచేసే కుర్రవాడిని దీని పిన్ను ఎక్కడుంటుందని అడిగితే, "అది సేటుకే ఎరుక సార్" అన్నాడు. సేటు ఆ పూట ఊళ్లో లేడు.

ఏ నిప్పుకు ఏ మందు?

సిలిండరు మంచిదే అయినా అన్ని నిప్పులకూ ఒకే మందు పనిచేయదు. 2024 ఫిబ్రవరిలో సిద్దిపేట విద్యుత్ సబ్ స్టేషన్‌లో మంటలు లేచిన సంగతి అందరికీ తెలిసిందే. కరెంటు నడుస్తున్న చోట బక్కెట నీళ్లు పోస్తే పోసినవాడే పోతాడు. అక్కడ మెయిను ఆపి పౌడరు గాని, కార్బన్ డయాక్సైడు గాని వాడాలి. ఫంక్షను హాలు వంటశాలలో కాగే నూనె అంటుకున్నా నీళ్లు పోయరాదు.

పత్తి సంగతి వేరు. పౌడరు కొడితే పైమంట ఆరుతుంది గాని లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. కనుక జిన్నింగు మిల్లులో సిలిండర్లతో పాటు నీళ్ల ట్యాంకు, గొట్టాలు, మోటారు సిద్ధంగా ఉండాలి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో పత్తి బేళ్లకు అంటుకున్న నిప్పు అదే ఓడలోని పేలుడు పదార్థాల దాకా పాకింది. ఆ విస్ఫోటనంలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారి జ్ఞాపకార్థమే దేశమంతటా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతున్నారు.

చేయవలసినది

చిన్న వ్యాపారికి ఇదంతా ఖర్చు కాదా అనవచ్చు. ఆరు కిలోల కొత్త సిలిండరు వెల ఒక క్వింటాలు పత్తి ధర కంటె తక్కువే. ప్రతి దుకాణం తిరగడానికి అగ్నిమాపక శాఖకు సిబ్బంది ఎక్కడిదని అనవచ్చు. అది నిజమే. అయితే అందుకు తేలికైన ఉపాయం ఒకటి ఉన్నది. తిరిగి నింపేముందు పాత సిలిండరును ఎట్లాగూ ఖాళీ చేయాలి. దానిని కాంట్రాక్టరు తన షెడ్డులో కాక, దుకాణం ఆవరణలో పనివాళ్ల చేతనే కొట్టించాలి. అది పనిచేసిందీ లేనిదీ అందరి ఎదుట తేలిపోతుంది. పిన్ను పీకి, గొట్టాన్ని మంట మొదలు వైపు తిప్పి, పిడి నొక్కి అటూ ఇటూ ఆడించడం పనివాళ్లకు అలవాటవుతుంది. చిన్న సిలిండరులోని మందు అర నిమిషమైనా రాదు గనుక, నిప్పు పుట్టినప్పుడు నేర్చుకునే వ్యవధి ఉండదు. లైసెన్సు పునరుద్ధరణ వేళ పురపాలక అధికారులు చీటీని కాక ఈ ప్రదర్శన జరిగిందా అని అడిగితే చాలావరకు మోసం ఆగుతుంది. వారోత్సవాలను కూడా మార్కెట్ యార్డులలో, మిల్లులలో జరిపితే రైతుకు, హమాలీకి ఉపయోగం.

ప్రజలు కూడా ఊరకుండరాదు. సిలిండరు మీద గడియారం వంటి బిళ్ల ఉంటే దాని ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉన్నదా, పిన్ను, సీలు ఉన్నాయా, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదా, సర్వీసు తేదీ దాటిందా, ముందు బస్తాలు అడ్డం ఉన్నాయా అన్నవి చూసేందుకు చదువు పెద్దగా అక్కరలేదు. కార్బన్ డయాక్సైడు రకానికి ఆ బిళ్ల ఉండదు గనుక తూకం వేసిన తేదీ అడగాలి. నగరంలో కొలువు చేసే కొడుకుకో, బిడ్డకో ఫోను చేసినప్పుడు "అన్నం తిన్నవా" అని అడిగిన తర్వాత, "మీ ఆఫీసులో రెండో మెట్లదారి ఎక్కడున్నది, దానికి తాళం వేసి ఉన్నదా" అని కూడా అడగాలి. నిప్పు కనిపిస్తే ముందు మనుషులను బయటికి పంపి, 101కు ఫోను చేయాలి.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం పాత సామెత. తవ్విన బావిలో నీళ్లున్నాయో లేవో ముందే చూసుకోవడం ఇప్పుడు చేయవలసిన పని.