థ్రాటిల్ తుడవడంతో రిపేరు పూర్తి కాదు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల షెడ్లలో కారు థ్రాటిల్ బాడీ విప్పి, మసి తుడిచి బిగించగల మెకానిక్‌లకు కొదవ లేదు. ఆ తర్వాత చేయాల్సిన రీలెర్నింగ్ కూడా రిపేరులో భాగమేనని, అది చేయకుండా బండి అప్పగించకూడదని నా వాదన. పాత కార్లలో యాక్సిలరేటర్‌కూ థ్రాటిల్‌కూ మధ్య కేబుల్ ఉండేది. ఇప్పుడు పెడల్ ఎంత తొక్కామో సెన్సర్లు ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీయూకి చెబితే, అది మోటారుతో ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ పలకను తిప్పుతుంది. పలక మూసుకునే స్థానమేదో దానికి గుర్తుంటుంది. మసి పేరుకుని గాలి తగ్గేకొద్దీ ఐడ్లింగ్ నిలపడానికి పలకను మరికాస్త తెరవడం నేర్చుకుంటుంది. మసి పోయాక కూడా ఆ పాత లెక్కనే నమ్మితే గాలి ఎక్కువై న్యూట్రల్‌లోనే ఇంజన్ రేసవుతుంది. ఆ లెక్కను ఈసీయూకి మళ్లీ కొత్తగా నేర్పడమే రీలెర్నింగ్. తేడా మరీ ఎక్కువైతే చెక్ ఇంజన్ లైటు వెలిగి, ఈసీయూ పికప్‌ను కట్టేస్తుంది. ముద్దనూరు రోడ్డులో లారీని దాటబోతున్నప్పుడు అలా జరిగితే ప్రాణం మీదికి వస్తుంది.

నాలుగు రోజులు తిప్పితే అదే సర్దుకుంటుందని కొందరంటారు. కొన్ని మోడళ్లలో అది నిజమే. మరికొన్నింటికి యాక్సిలరేటర్ తొక్కకుండా తాళం ఆన్‌లో కాసేపు ఉంచితే చాలు. ఇంకొన్ని మాత్రం స్కానర్ పెడితే తప్ప నేర్చుకోవు. ఏ కారుకు ఏ పద్ధతో కంపెనీ సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. ఊహించి వదిలేసే విషయం కాదిది.

అలాంటప్పుడు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే పోవచ్చు కదా అంటారు. ప్రతి కంపెనీకీ ప్రతి ఊళ్లో సెంటర్ ఉండదు. పులివెందుల నుంచి కడప సుమారు 70 కిలోమీటర్లు. కాసేపట్లో అయ్యే పనికి అంత దూరం పంపడం న్యాయం కాదు. ఊళ్లోని మెకానిక్‌కే ఆ పని చేసే వీలుండాలి. విడిభాగాలు, డయాగ్నొస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్న కేసులో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వాహన రంగం కూడా ఉంది. అయితే అందులో కస్టమర్ కేర్ నంబరు దొరికితే సరిపోదు, మోడల్‌వారీగా రీలెర్నింగ్ పద్ధతి మెకానిక్ చేతికి రావాలి.

మంచి స్కానర్ చిన్న షెడ్డుకు భారమన్నది కాదనలేని మాట. అందుకే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవాలి. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కాలేజీ, పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ ఉన్నాయి. సెలవుల్లో వాటి ల్యాబుల్లో మెకానిక్‌లకు శిక్షణ ఇవ్వాలి. కారు యజమానులు కూడా థ్రాటిల్ పని చేయించినప్పుడు రీలెర్నింగ్ చేశారా అని అడగాలి, చేసినవారికి ఆ కూలి బేరమాడకుండా ఇవ్వాలి.