జాగీరు చేతులు మారితే సంస్కరణ అవుతుందా?

2017 నవంబరు 4 రాత్రి సౌదీ అరేబియా రాజధాని రియాద్‌లో యువరాజులను, మంత్రులను, కోటీశ్వరులైన వ్యాపారులను పట్టుకొచ్చి రిట్జ్ కార్ల్‌టన్ అనే అయిదు నక్షత్రాల హోటల్లో పెట్టారు. ప్రపంచంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడైన అల్ వలీద్ బిన్ తలాల్ కూడా వారిలో ఉన్నాడు. అవినీతిపై యుద్ధం అన్నారు. అప్పటికి 32 ఏళ్ల వయసున్న యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్‌ను కొత్త తరం సంస్కర్త అని పాశ్చాత్య పత్రికల్లో చాలామంది పొగిడారు. ఆ తర్వాత ఆడవాళ్లకు కారు నడిపే హక్కు వచ్చింది, సినిమా హాళ్లు తెరిచారు. ఇప్పుడు 2034 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కూడా ఆ దేశానికే ఇచ్చారు. నిజంగానే సౌదీ మారుతోందా?

ఈ ప్రశ్న మనకెందుకు అనుకోవద్దు. 'బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి' అని సామెత పుట్టిన నేల మనది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి నుంచి, అటు కడప, అన్నమయ్య, కోనసీమ జిల్లాల నుంచి బోరు ఎండినవాడు, అప్పు మీద పడ్డవాడు వీసా కొనుక్కుని పోయే దేశాల్లో సౌదీ ఒకటి. మన పొలాల్లో చల్లే డీఏపీ కూడా అక్కడి నుంచి వస్తోంది. ఏడాదికి 31 లక్షల టన్నుల చొప్పున అయిదేళ్లపాటు సరఫరా చేయడానికి సౌదీ కంపెనీ మాదెన్‌తో మన కంపెనీలు 2025లో ఒప్పందం చేసుకున్నాయి. అక్కడి రాజు ఎలాంటివాడన్నది మన ఇంటి సంగతి కూడా.

ఆ రాత్రి జరిగిందేమిటి

సౌదీలో పార్టీలు లేవు, పార్లమెంటు ఎన్నికలు లేవు. 1953 నుంచి గద్దె అన్న నుంచి తమ్ముడికి పోతూ వచ్చింది. అన్నదమ్ముల కుటుంబాలు బలగాలను పంచుకున్నాయి. సైన్యం ఒక శాఖ చేతిలో, పోలీసు వ్యవస్థ ఉన్న హోం శాఖ మరొకరి చేతిలో, నేషనల్ గార్డు ఇంకొకరి చేతిలో ఉండేవి. ఎవరూ మొత్తం మింగకుండా ఒకరికొకరు అడ్డుగా ఉండేవారు.

2015 జనవరిలో సల్మాన్ రాజయ్యాడు. కొడుకును రక్షణ మంత్రిని చేశాడు. రెండు నెలలు తిరిగేసరికి యెమెన్‌పై యుద్ధం మొదలైంది. 2017 జూన్‌లో హోం శాఖ చేతిలో ఉన్న అన్న కొడుకు మొహమ్మద్ బిన్ నాయెఫ్‌ను తప్పించి తన కొడుకును వారసుణ్ణి చేశాడు. మిగిలింది నేషనల్ గార్డు. నవంబరు 4న దాని అధిపతి మితేబ్ బిన్ అబ్దుల్లాను కూడా తొలగించి హోటల్లో పెట్టారు. దాంతో మూడు బలగాలూ ఒకే ఇంటి కిందికి వచ్చాయి.

అవినీతి నిరోధక కమిటీ ఆ అరెస్టులకు కొన్ని గంటల ముందే రాజాజ్ఞతో పుట్టింది. దానికి అధ్యక్షుడు యువరాజే. పట్టుకునేదీ, విచారించేదీ, బేరం కుదుర్చుకునేదీ ఒకే చెయ్యి. బహిరంగ విచారణ లేదు. సొమ్ము అప్పజెప్పినవారిని వదిలేశారు. మొత్తం 40 వేల కోట్ల రియాళ్లకు పైగా విలువైన ఆస్తులు వచ్చాయని 2018 జనవరిలో అక్కడి అటార్నీ జనరల్ ప్రకటించాడు. ఎవరు ఏం తిన్నారు, ఎవరు ఎంత కట్టారు అన్న లెక్క మాత్రం జనం ముందు పెట్టలేదు. ఫ్రాన్స్‌లో 30 కోట్ల డాలర్లకు కొన్న రాజభవనం వెనుక ఉన్నది ఈ యువరాజేనని ఆ డిసెంబరులోనే న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ లెక్క అడిగే కమిటీ ఏదీ లేదు.

తెలంగాణ రైతుకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక జాగీర్దారు పక్క జాగీరును గుంజుకుంటే దాన్ని ఎవరూ భూసంస్కరణ అనలేదు. నిజాం రాజ్యంలో జాగీర్ల రద్దు 1949లో, కౌలుదారీ చట్టం 1950లో వచ్చాయంటే, అంతకుముందు ఊళ్లకు ఊళ్లు లేచి దొరల గడీల మీదికి పోయాయి కాబట్టి వచ్చాయి. పైవాడు తన దాయాదిని తొక్కడం వేరు, కిందివాడికి హక్కు రావడం వేరు.

మార్పులు అబద్ధం కాదు, కానీ

న్యాయంగా చెప్పుకోవాలి. 2016లో మత పోలీసుల అరెస్టు అధికారం తీసేశారు. 2018 జూన్ నుంచి ఆడవాళ్లు కారు నడుపుతున్నారు. 2019 నుంచి 21 ఏళ్లు దాటిన స్త్రీ మగవాడి సంతకం లేకుండా పాస్‌పోర్టు తీసుకోవచ్చు. ఉద్యోగాల్లోకి వచ్చే ఆడవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. ఇవి ఆ దేశపు ఆడబిడ్డల జీవితంలో చిన్న మార్పులు కావు. 'అంతా నాటకం' అని కొట్టిపారేస్తే వాళ్లను అవమానించినట్టే.

అయితే ఆ హక్కు కోసం ఏళ్ల తరబడి కొట్లాడిన స్త్రీలకు ఏం జరిగింది? డ్రైవింగ్ నిషేధం ఎత్తేయడానికి నెల ముందు, 2018 మేలో లుజైన్ అల్ హత్‌లూల్‌ను, ఆమె తోటివారిని జైల్లో వేశారు. ఆమె బయటికి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. అదే 2018 అక్టోబరు 2న జర్నలిస్టు జమాల్ ఖషోగ్గీని ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేటులో చంపేశారు. 2024లో ఆ దేశంలో 300 మందికి పైగా మరణశిక్ష అమలు చేశారు.

ఇందులో ఒక లెక్క ఉంది. హక్కు ఇస్తాం, కానీ అది అడిగి తెచ్చుకున్నట్టు ఉండకూడదు, మేము దయతలిచి ఇచ్చినట్టు ఉండాలి. ఇవాళ కారు హక్కు అడిగి గెలిచినవాళ్లు రేపు కూలి అడుగుతారు, ఎల్లుండి లెక్కలు అడుగుతారు. సౌదీ పాలకులకు ఈ భయం కొత్తది కాదు. 1953లో ఆరామ్‌కో చమురు కార్మికులు వేల సంఖ్యలో సమ్మె చేశారు. 1956లో మళ్లీ కదిలితే రాజాజ్ఞతో సమ్మెలను నిషేధించారు. సినిమా హాళ్లు తెరిచిన యువరాజు ఈ తలుపు మాత్రం తెరవలేదు. ఇప్పటికీ అక్కడ స్వతంత్ర కార్మిక సంఘం లేదు, రైతు సంఘం లేదు.

భూమి అడిగితే

మనం ఏ ప్రభుత్వాన్నయినా భూమి దగ్గర కొలుస్తాం. సౌదీని కూడా అక్కడే కొలుద్దాం. 2017 అక్టోబరులో, అంటే ఆ అరెస్టులకు కొద్ది రోజుల ముందు, యువరాజు నియోమ్ అనే కొత్త నగరాన్ని ప్రకటించాడు. ఖర్చు 50 వేల కోట్ల డాలర్లు. విస్తీర్ణం 26,500 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో సుమారు 65 లక్షల ఎకరాలు. ఆ నేల ఖాళీగా లేదు. తరతరాలుగా హువైతాత్ తెగవారు అక్కడ బతుకుతున్నారు. ఖురైబా ఊరికి చెందిన అబ్దుల్ రహీం అల్ హువైతీ 'నా ఇల్లు ఇవ్వను, నాకు పరిహారం వద్దు' అని వీడియోలు పెట్టాడు. తన ఇంట్లో ఆయుధాలు పెట్టి నేరం మోపుతారని కూడా ముందే చెప్పాడు. 2020 ఏప్రిల్‌లో భద్రతా బలగాలు అతణ్ణి కాల్చి చంపాయి. అతడే ముందు కాల్పులు జరిపాడన్నది ప్రభుత్వ మాట. 2022లో అదే తెగకు చెందిన ముగ్గురికి మరణశిక్ష వేశారు.

ఇదే రాజ్యపు కంపెనీ మన దేశంలో భూమి దగ్గరికి వచ్చినప్పుడు ఏమైందో చూడండి. 2018 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని రత్నగిరి రిఫైనరీ కోసం ఆరామ్‌కో మన చమురు సంస్థలతో ఒప్పందం చేసుకుంది. నాణార్ చుట్టుపక్కల మామిడి రైతులు, జాలర్లు ఒప్పుకోలేదు. గ్రామసభల్లో తీర్మానాలు చేశారు, రోడ్డెక్కారు. 2019 మార్చిలో అక్కడి భూసేకరణ రద్దయింది. కొంకణ్ రైతు మన పాలకులు మంచివాళ్లు కావడం వల్ల గెలవలేదు. కాదనడానికి అతనికి సభ ఉంది, సంఘం ఉంది, ఓటు ఉంది. హువైతీకి ఫోనులోని కెమెరా ఒక్కటే ఉంది. సంస్కరణకు కొలబద్ద ఇదే.

గోధుమ నేర్పిన పాఠం

వ్యవసాయంలోనూ ఆ రాజ్యం తీరు ఇంతే. 1980ల్లో సౌదీ పాలకులు ప్రపంచ ధరకు ఎన్నో రెట్లు ఇచ్చి ఎడారిలో గోధుమ పండించారు. 1992 నాటికి దిగుబడి 40 లక్షల టన్నుల దాకా పోయింది. ఎగుమతి కూడా చేశారు. ఆ నీళ్లు వేల ఏళ్ల కిందట భూమిలో చేరినవి, వానతో మళ్లీ ఊరేవి కావు. లోతుకు, ఇంకా లోతుకు బోర్లు వేసి తోడేశారు. లాభం ఎక్కువగా పోయింది పెద్ద కంపెనీలకు, పలుకుబడి ఉన్న కుటుంబాలకు. 2008లో సేకరణ ఏటా తగ్గిస్తామని ప్రకటించి 2016కు ఆపేశారు. మొదలుపెట్టిందీ ఒక ఆజ్ఞే, ఆపిందీ ఒక ఆజ్ఞే.

ఇంట్లో నీళ్లు అడుగంటాక బయటి నేలల మీద పడ్డారు. 2014లో సౌదీ పాడి కంపెనీ అల్మరాయ్ తన ఆవుల మేత కోసం అమెరికాలోని అరిజోనా ఎడారిలో భూమి కొన్నది. అక్కడి భూగర్భ జలం తోడేస్తున్నారని ఊళ్లవాళ్లు గోల చేశారు. 2023లో ఆ రాష్ట్ర గవర్నరు ప్రభుత్వ భూముల లీజుల రద్దుకు పూనుకుంది. కెనడా సంగతి ఇంకా ముఖ్యం. అక్కడి రైతులు గోధుమను ఒక్కటిగా అమ్ముకోవడానికి ఉన్న వీట్ బోర్డు గుత్తాధిపత్యాన్ని 2012లో ప్రభుత్వం తీసేసింది. 2015లో ఆ బోర్డులో 50.1 శాతం వాటా బంజ్ కంపెనీకి, సౌదీ ప్రభుత్వ వ్యవసాయ పెట్టుబడి సంస్థ సాలిక్‌కు ఉమ్మడిగా పోయింది. మన మార్కెట్ యార్డులు ఎందుకు, మద్దతు ధర ఎందుకు అని అడిగేవారికి ఈ ఒక్క ఉదాహరణ చెప్పండి.

కాపరికి వర్తించని చట్టం

మన పిల్లలకు నేరుగా తగిలే సంగతికి వద్దాం. కఫాలా అంటే పనివాడి ఇఖామా, ఉద్యోగం, ఇంటికి తిరిగి రావడం అన్నీ కఫీల్ అనే యజమాని చేతిలో ఉండే పద్ధతి. అతడు 'పారిపోయాడు' అని ఒక్క ఫిర్యాదు చేస్తే చాలు, మనవాడు ఖల్లివల్లి అయిపోతాడు. కాగితాలు లేని మనిషికి జీతం అడిగే దారి లేదు.

2021 మార్చి 14 నుంచి దీన్ని సంస్కరించామని సౌదీ ప్రకటించింది. ఏడాది పని చేశాక కఫీల్ అనుమతి లేకుండా వేరే చోటికి మారవచ్చు, దేశం దాటే అనుమతికి పనివాడే దరఖాస్తు చేసుకోవచ్చు. మంచిదే. కానీ ఇంటి పనివారు, వ్యవసాయ కూలీలు, గొర్రెల కాపరులు, ఇళ్లలో డ్రైవర్లు, తోటమాలులు అందులోకి రాలేదు. ఇంటి పనివారికి తర్వాత విడిగా నియమాలు చేశారు, కార్మిక చట్టంలో మాత్రం చేర్చలేదు. మన ఊళ్ల నుంచి పోయినవారిలో ఎడారిలో గొర్లు కాసేవాడు, ఖర్జూర తోటలో నీళ్లు కట్టేవాడు, కోనసీమ నుంచి వంటపనికి పోయిన చెల్లెమ్మ ఎందరో ఉన్నారు. ఎవరికి ఎక్కువ రక్షణ కావాలో సరిగ్గా వాళ్లే చట్టం బయట నిలబడ్డారు.

భారం మాత్రం అందరికన్నా ముందు వలస కార్మికుడి మీద పడింది. 2017 జూలై నుంచి అతని వెంట ఉన్న ప్రతి భార్యాబిడ్డ మీద నెలకు 100 రియాళ్ల పన్ను వేసి 2020కి దాన్ని 400 చేశారు. 2018లో 5 శాతంతో మొదలైన వ్యాట్ 2020లో 15 శాతం అయింది. అంతకుముందు 2016లో సౌదీ ఓజర్ అనే నిర్మాణ సంస్థలో వేలమంది మనవాళ్లు జీతాలు అందక శిబిరాల్లో ఆకలితో కూర్చున్నారు.

మన ప్రభుత్వం ఏం తక్కువ? 2020 సెప్టెంబరులో గల్ఫ్ కార్మికుల కనీస వేతన పరిమితిని 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ కేంద్రం సర్క్యులర్లు ఇచ్చింది. గల్ఫ్ కార్మిక సంఘాలు అడ్డం తిరిగాయి, తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. 2021లో కేంద్రం వెనక్కి తగ్గింది. రాజు దయ కాదు, సంఘం పట్టుదల ఆ కూలిని నిలబెట్టింది.

మన పని

ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు, రోడ్లు, హోటళ్లు కట్టడానికి ఇక ఏళ్ల తరబడి ఏజెంట్లు మన ఊళ్లు తిరుగుతారు. వాళ్లు చూపించే మెరుపు బొమ్మల కింద పై సంగతులు మన సభ్యులు చెప్పాలి. ప్రతి గ్రామ శాఖ గల్ఫ్‌కు పోయినవారి పేర్లు, వీసా రకం, ఏజెంటు లైసెన్సు రాసిపెట్టుకోవాలి. 'డ్రైవర్ పని' అని చెప్పి గొర్ల కాపరి వీసా అంటగట్టే మోసాన్ని విమానం ఎక్కకముందే పట్టుకోవాలి. ఏడాదికి 31 లక్షల టన్నుల ఎరువు కొనే దేశం, ఆ బేరం ముందు కూర్చున్నప్పుడు తన వ్యవసాయ కూలీలను కూడా సౌదీ కార్మిక చట్టంలో చేర్చమని అడగాలని కేంద్రాన్ని డిమాండ్ చేయాలి. అది అడగడానికి వీలైన కాలం ఇదే.

సౌదీ మారుతోందా అంటే, పై అంతస్తు మారుతోంది. రంగులు మారాయి, తాళాలన్నీ ఒక్కడి జేబులోకి పోయాయి. ఎడారిలో ఒక కాపరి తన జీతం తానే అడిగి, జైలుకు పోకుండా, ఇంటికి తిరిగి రాగలిగిన రోజున దాన్ని సంస్కరణ అందాం.