సంతకంతో వచ్చిన హక్కు

అమెరికా అధ్యక్షుడు ట్రంప్ 2025 జనవరి 21న, గద్దెనెక్కిన మర్నాడే, ఒక్క సంతకంతో 1965 నాటి 11246వ ఉత్తర్వును రద్దు చేశాడు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పే ఆడవాళ్లకి ఆ ఉత్తర్వుతో ఉన్న చుట్టరికం చాలా దగ్గరిది. అందుకే బెర్నిస్ శాండ్లర్ కథతో మొదలుపెడతాను.

1969లో ఆవిడ మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, అక్కడే పార్ట్ టైమ్‌గా పాఠాలు చెబుతోంది. శాఖలో ఖాళీలున్నా ఆమె పేరు పరిశీలనకే రాలేదు. ఎందుకని అడిగితే, ఆడదానివై ఉండి మరీ దూకుడుగా ఉంటావన్నాడు తోటి అధ్యాపకుడు. (ఈ మాట ఏ దేశంలో, ఏ స్టాఫ్‌రూమ్‌లో వినలేదు మనం?) పోనీ కోర్టుకి వెళ్దామంటే దారి లేదు. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం విద్యాసంస్థల బోధనా సిబ్బందిని మినహాయించింది. చివరికి ఒక ప్రభుత్వ నివేదికలో, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వివరణ ఆమె కంటపడింది. ఫెడరల్ కాంట్రాక్టులు తీసుకునేవాళ్లు జాతి వివక్ష చూపకూడదన్న 11246వ ఉత్తర్వులో, 1967లో జాన్సన్ ‘లింగం’ అన్న మాట కూడా చేర్చాడని. విశ్వవిద్యాలయాలకి ప్రభుత్వ కాంట్రాక్టులున్నాయి కదా! 1970 జనవరి 31న ఒక మహిళా సంఘం తరఫున కార్మిక శాఖకి ఫిర్యాదు పెట్టింది. తర్వాత రెండొందల యాభై దాకా కాలేజీల మీద ఫిర్యాదులు వెళ్లాయి. 1972లో విద్యలో లింగ వివక్షను నిషేధిస్తూ వచ్చిన చట్టానికి దారి వేసినవాటిలో ఇవీ ఉన్నాయి.

ఆ ఉత్తర్వు గొప్పదనం ఒక్కటే. ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోయినా అది పని చేసేది. యాభైమంది సిబ్బంది, యాభై వేల డాలర్ల కాంట్రాక్టు ఉన్న సంస్థ తన ఇల్లు తానే లెక్క చూసుకోవాలి. ఏ మెట్టు మీద ఎంతమంది ఆడవాళ్లున్నారు? ఎవరికెంత జీతం? కార్మిక శాఖ వచ్చి ఆ లెక్కలు అడగొచ్చు. కోటాలు పెట్టమని మాత్రం అది చెప్పలేదు. కోటాలు కూడదని నిబంధనల్లోనే రాసి ఉంది.

వివక్షను నిషేధించే చట్టం ఇంకా ఉందిగా అంటారు కొందరు. ఉంది, నిజమే. కానీ అక్కడ ఆడది తనంతట తాను కనిపెట్టాలి, తనే పోరాడాలి. టైర్ల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు పనిచేసిన లిల్లీ లెడ్‌బెటర్‌కి, తోటి మగవాళ్లకంటే తనకి తక్కువ జీతం ఇస్తున్నారని ఎవరో పేరు లేని చీటీ పెడితే గానీ తెలియలేదు. గడువు దాటిపోయిందంది సుప్రీంకోర్టు 2007లో. 2009 చట్టం ఆ గడువు నియమాన్ని మార్చింది. మరి జీతం కాగితం దాచిపెట్టి ఉంటే? జీతాల గురించి మాట్లాడుకున్న ఉద్యోగుల మీద కాంట్రాక్టర్లు కక్ష కట్టకూడదని 2014లో ఒబామా ఒక నిబంధన తెచ్చాడు. దాన్నీ 11246కి సవరణగానే తెచ్చాడు. చెట్టు పడితే కొమ్మ నిలుస్తుందా?

నా కోపం ట్రంప్ ఒక్కడి మీదే కాదు. వికలాంగులకీ, మాజీ సైనికులకీ కాంట్రాక్టర్లు చెయ్యాల్సినవి రద్దు కాలేదు. అవి 1973, 1974లలో కాంగ్రెస్ చేసిన చట్టాలు కాబట్టి. ఆడవాళ్లవీ, నల్లజాతివాళ్లవీ మాత్రం అరవై ఏళ్లపాటు ఉత్తర్వుగానే ఉంచారు. ఈలోగా అధ్యక్ష పదవీ, కాంగ్రెస్ ఉభయసభలూ ‘మన మిత్రులు’ అనుకున్న డెమొక్రాట్ల చేతిలో ఎన్నిసార్లు లేవు? చట్టం చేస్తే వాళ్లకే చేతులు కట్టేసినట్టవుతుంది. ఉత్తర్వైతే దయ చూపినట్టూ ఉంటుంది, తాళంచెవి తమ దగ్గరే ఉంటుంది. మహిళా సంఘాలు కూడా ఉన్నది చాలనుకున్నాయి.

పైగా కాంట్రాక్టు అనే ఆయుధం మాయం కాలేదు, మొన తిరిగిందంతే. చట్టవిరుద్ధమైన వైవిధ్య కార్యక్రమాలేవీ నడపడం లేదని ఇకమీదట కాంట్రాక్టర్లే రాసివ్వాలంటుంది కొత్త ఉత్తర్వు. అది అబద్ధమని తేలితే ప్రభుత్వాన్ని మోసం చేసినవాళ్ల మీద పెట్టే కేసు పెట్టొచ్చు. ఏది చట్టవిరుద్ధమో స్పష్టంగా చెప్పకుండా భయం మాత్రం పంచిపెట్టారు. భయపడ్డ యాజమాన్యం ముందు దేన్ని మూసేస్తుందో మనకి తెలియదా?

ఆ ఉత్తర్వు శీర్షికలోనే ‘ప్రతిభ’ ఉంది. 1990లో మండల్ వ్యతిరేక ఊరేగింపుల్లో ఆ మాట విన్నవాళ్లం. అదే మాట సూట్‌కేసులో పెట్టుకుని అమెరికా వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడి కంపెనీల్లో, ప్రయోగశాలల్లో పనిచేసే మన ఆడపిల్లల జీతం పక్క కుర్చీ మగవాడి జీతంతో సమానమో కాదో ఇకమీదట ఎవరు చూస్తారని వాళ్లనే అడగాలని ఉంది.

జనవరి 24న కార్మిక శాఖ తాత్కాలిక మంత్రి ఆ ఉత్తర్వు కింద నడుస్తున్న తనిఖీలన్నీ ఆపెయ్యమన్నాడు. సగం చూసిన జీతాల పట్టికలు అక్కడే మూతపడ్డాయి. ఆ పట్టికల్లో తమ పేరుందని కూడా చాలామంది ఆడవాళ్లకి తెలిసి ఉండదు.