ఖాళీగా ఉన్నది ఎవరు?

మొన్న ఆదివారం మావారి అక్కగారు తెనాలి నుంచి వచ్చారు. కాఫీ గ్లాసు ఎక్కడ పెడదామా అని చూసి, హాల్లో బీరువా పక్కనున్న అల్యూమినియం డబ్బా మీద పెట్టబోయారు. "అయ్యో వదినా, అది కాలుతుంది!" అని గబుక్కున గ్లాసు అందుకున్నాను.

"ఏంటమ్మాయ్ ఇది? ఇస్త్రీ పెట్టా?"

"యాంప్లిఫయరు వదినా. నేనే చేశాను."

ఆవిడ డబ్బా వంక చూశారు, నా వంక చూశారు, తర్వాత వాళ్ల తమ్ముడి వంక చూశారు. మావారు పేపర్లో తల దూర్చేశారు. అప్పుడు వదిన నెమ్మదిగా, ప్రేమగానే అన్నారు: "పిల్లలు హాస్టళ్లకెళ్లారు, నీకు ఖాళీ ఎక్కువైంది. కుట్టు మిషను పెట్టుకోరాదూ, నాలుగు రాళ్లొస్తాయి."

ఆవిడ మంచి మనిషి. నా రెండు పురుళ్లకీ వచ్చి చేసింది. అందుకే ఆ పూట ఏమీ అనలేదు. కానీ ఆ "ఖాళీ" అన్న మాట మాత్రం వారం రోజులుగా నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. దాని సంగతి ఇవాళ తేల్చేద్దామని కూర్చున్నాను.

ముందు ఆ డబ్బా ఏంటో చెప్పాలి. కంగారు పడకండి, పచ్చడి పట్టడం కన్నా కష్టమేం కాదు.

పాటంటే కరెంటు పైకీ కిందకీ ఊగే అల. మామూలు యాంప్లిఫయర్లలో ఈ అలను ఇద్దరు పంచుకుంటారు. పై సగం ఒక ట్రాన్సిస్టరుది, కింద సగం ఇంకో ట్రాన్సిస్టరుది. ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు విశ్రాంతి. కరెంటు ఆదా. కానీ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి బిందె మార్చేటప్పుడు నాలుగు చుక్కలు తొణికినట్టు, అల చేతులు మారే చోట శబ్దం కాస్త చెడుతుంది. తొణక్కుండా ఉండాలని తర్వాత చాలా ఉపాయాలు చేశారనుకోండి, అది వేరే సంగతి.

క్లాస్ ఎ అనే పద్ధతిలో ఈ పంపకం లేదు. ట్రాన్సిస్టరు ఒక్క క్షణం కూడా ఆగదు. పాట ఉన్నా లేకపోయినా నిండు కరెంటు దాని గుండా పారుతూనే ఉంటుంది. నేను చేసింది జాన్ లిన్స్లీ హుడ్ అనే ఇంగ్లండు ఇంజినీరు 1969 ఏప్రిల్‌లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో, ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చని ఇచ్చిన డిజైను. ఒక్కో చానెల్‌కి నాలుగే ట్రాన్సిస్టర్లు. ఎనిమిది ఓముల స్పీకరుకైతే 27 వోల్టులు, 1.2 ఆంపియర్లు. అంటే 10 వాట్ల పాట కోసం 32 వాట్ల కరెంటు. మిగిలిందంతా వేడి. అందుకే దానికి చుట్టూ దువ్వెన పళ్లలాంటి ఆ అల్యూమినియం రెక్కలు, అందుకే వదిన గ్లాసు నేను లాక్కున్నది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఈ ట్రాన్సిస్టరు అన్నిటికంటే ఎక్కువగా వేడెక్కేది ఎప్పుడో తెలుసా? పాట పెద్దగా మోగేటప్పుడు కాదు. ఏ పాటా లేకుండా ఊరికే ఉన్నప్పుడు! పాట నడుస్తుంటే కొంత శక్తి స్పీకరుకు పోతుంది కాబట్టి దానికి కాస్త తెరిపి. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మాత్రం మొత్తం వేడి అదే భరించాలి. బయట నుంచి చూసేవాళ్లకి అది "ఖాళీగా" ఉన్నట్టే కనిపిస్తుంది. చెయ్యి పెట్టి చూస్తేనే తెలిసేది.

చదువుతున్న మీలో ఎవరికైనా ఎవరైనా గుర్తొచ్చారా? ఈ లెక్క ఇంజినీర్లకంటే ముందు మనకే తెలియాలి. మధ్యాహ్నం మూడింటికి మంచం మీద నడుం వాల్చినా మన బుర్రలో గ్యాసు బుకింగు, అత్తయ్య బీపీ మాత్రలు, పిల్లాడి ఫీజు గడువు, రేపటికి నానబెట్టాల్సిన మినపప్పు పారుతూనే ఉంటాయి. చుట్టం ఫోన్ చేసి "ఏం చేస్తున్నావమ్మా, ఖాళీయేగా?" అంటే, "ఆ, ఖాళీయే పిన్నీ" అని మనమే అంటాం.

ఇక నా అభ్యంతరం చెబుతాను. వదినది కుట్టు మిషను సలహా. ఒకరు ట్యూషన్లంటారు. ఇంకొకరు వడియాలు పెట్టి అమ్మమంటారు. వీటిల్లో తప్పేం లేదు, ఆ పనుల మీద ఇళ్లు నిలబెట్టిన ఆడవాళ్లకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ గమనించారా, ఆడదాని సరదాకి మాత్రం రెండే రెండు గేట్‌పాసులు: అది డబ్బు తేవాలి, లేదా ఇంట్లో ఎవరికైనా పనికిరావాలి. చీర మీద ఎంబ్రాయిడరీ అయితే పెళ్లిలో కట్టుకోవచ్చు. పెరట్లో కూరగాయలైతే కూరకి ఆదా. రెండూ కాకపోతే "పని లేక చేస్తోంది".

మగవాళ్లని ఈ ప్రశ్న అడగరే? మా వీధిలో ఒకాయన మోటారుసైకిల్‌కి పదివేలు పోసి సైలెన్సరు మార్పించాడు. దాని ఉపయోగం మా వీధి కుక్కలు మొరగడం ఒక్కటే. "అభిరుచి గల మనిషి" అన్నారు. క్రికెట్టు చూస్తూ అయిదు రోజులు సోఫాలోంచి లేవని వాళ్లని, "ఇందులో నీకెంత మిగిలింది బాబూ?" అని ఏ అక్కయ్యా అడగలేదు. వాళ్లదైతే అభిరుచి, మనదైతే ఖాళీ.

సరే, అభ్యంతరాలు ఒక్కొక్కటే చూద్దాం. తప్పించుకోను.

మొదటిది, కరెంటు దండగ. రెండు చానెళ్లూ, ట్రాన్స్‌ఫార్మరు నష్టాలూ కలిపి నా డబ్బా గోడ నుంచి లాగేది సుమారు 90 వాట్లు. నిజమే, చానెల్‌కి 10 వాట్ల పాటకి అది ఎక్కువే. కానీ రోజూ మూడు గంటలు వింటే నెలకి ఎనిమిది యూనిట్లు. మన పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు. ఎర్ర లైటు ఆరకుండా పావుగంట చొక్కాలు ఇస్త్రీ చేస్తే దాదాపు నా మూడు గంటల పాట కరెంటు అందులో కాలిపోతుంది. ఇరవై రెండేళ్లుగా చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను, కరెంటు దండగని ఒక్కరూ అనలేదు. అయినా మే నెలలో అది పెట్టను. మన ఎండలకి ఇంట్లో ఇంకో పొయ్యి అక్కర్లేదు. ఆ పాటి బుద్ధి నాకూ ఉంది.

రెండోది, ఖర్చు. ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు, రెక్కలు అన్నీ కలిపి ఏడు వేలు, అదీ ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా. ఒక పట్టుచీర మానుకున్నాను. చీర కొని ఉంటే ఈ ప్రశ్న వచ్చేదే కాదు.

మూడోది, ప్రమాదం. ఇది మాత్రం సరదా విషయం కాదు. గోడ కరెంటుతో ఆటలాడకూడదు. ఆపిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. ఎర్తింగ్ లేకుండా, తెలిసిన మనిషి పక్కన లేకుండా మొదటిసారి ఎవరూ ప్లగ్గు పెట్టకండి. నేను పాతకాలం 100 వాట్ల బల్బు ఒకటి వరసలో కలిపి పరీక్షించాను, మన ఎలక్ట్రీషియన్లు సిరీస్ బోర్డు అంటారే, అది. మొదటిసారి బల్బు ధగధగా వెలిగింది. అంటే ఎక్కడో షార్టు. నేను వాడిన 2ఎన్3055 ట్రాన్సిస్టరుకి పైనున్న ఇనప టోపీలోనే కరెంటు ఉంటుంది. దాని కింద పల్చటి మైకా రేకు పెట్టి, పేస్టు రాసి బిగించాలి. నేను బిగించిన చోట రేకు చిరిగింది. బల్బు లేకపోతే ఏడాది శ్రమ పొగైపోయేది. రేకు మార్చాను, బల్బు మందగించింది. అంతే.

అయినా "అమ్మో, చెయ్యి కాలుతుంది" అని మనకి చెప్పేదేంటండీ? సలసలా కాగే నూనెలో చేత్తో గారెలు వేసేది ఎవరు? పట్టకారు కనపడకపోతే పైట చెంగుతో పాలగిన్నె దించేది ఎవరు? కొన్ని వేల సార్లు కాల్చుకున్న చేతులివి. అప్పుడు జాలిపడని లోకం సోల్డరింగ్ ఐరన్ పట్టుకోగానే మన వేళ్ల మీద ఇంత ప్రేమ ఒలకబోస్తుందేం?

చెయ్యి పని అంటారా, చంద్రుడి మీదికి అపోలో నౌకని నడిపించిన కంప్యూటరు జ్ఞాపకశక్తిని అమెరికాలో రేథియాన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు సూదితో అల్లారు. నిజంగానే అల్లారు, సన్నటి రాగి తీగల్ని చిన్న చిన్న గుండ్రటి ముక్కల్లోంచి దూర్చి. ఒక్క తీగ దారి తప్పినా లెక్క తప్పుతుంది. వాళ్ల చేతికి అది కుదిరింది కానీ మన ఇంట్లో చిన్న బోర్డు అతకడం మన చేతికి కుదరదట.

ఇప్పుడు నేను దాచుకున్న మాట.

నేను బీయస్సీలో ఎలక్ట్రానిక్స్ చదివాను. మా అన్నయ్య కామర్స్. అయినా ఇంట్లో రేడియో పాడైతే విప్పేది వాడు, టార్చి పట్టుకునేది నేను. "సరిగ్గా పట్టుకో, చెయ్యి వణకనీకు" అనేవాడు. ఎక్కడ అతకాలో నేనే చెప్పేదాన్ని. సోల్డరింగ్ ఐరన్ మాత్రం చేతికిచ్చేవాడు కాదు. నాన్న కూడా "వాడికియ్యమ్మా, చెయ్యి కాలుతుంది" అనేవారు. పెళ్లయ్యాక ఆ పుస్తకాలు అటక మీదికెళ్లాయి.

ఇదంతా వాళ్ల తప్పని చెప్పి ఊరుకుంటే నాకు హాయిగా ఉండేది. కానీ ఆరేళ్ల కిందట మా పాప వాళ్ల అన్నయ్య స్కూలు ప్రాజెక్టు దగ్గర కూర్చుని సోల్డరింగ్ ఐరన్ అందుకోబోతే, వంటింట్లోంచి నేనే అరిచాను: "చెయ్యి కాలుతుంది, అన్నయ్యకియ్యి!" పాప ఇచ్చేసింది. మళ్లీ అడగలేదు. పోయినేడాది ఇంటర్ తర్వాత ఏం చదువుతావంటే, "ఎలక్ట్రానిక్స్ వద్దులేమ్మా, అది అన్నయ్య లాంటి వాళ్లకి" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి అటక ఎక్కాను.

మా ఊళ్లో మోటార్ వైండింగ్ అతని దగ్గరికి వెళ్లి 24 వోల్టులు, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు చుట్టమంటే, "సారు చీటీ రాసిచ్చారామ్మా?" అన్నాడు. "సారుకి తెలియదు, నాకే" అన్నాను. నవ్వి, బాగానే చుట్టిచ్చాడు. పసుపు సీజన్లో మావారు యార్డు నుంచి ఒళ్లంతా పసుపు వాసనతో రాత్రి పదింటికి వచ్చేవారు. అప్పటిదాకా భోజనాల బల్ల నాదే. ఆయన అడ్డం రాలేదు. అడ్డం రాకపోవడాన్ని పెద్ద త్యాగంగా చెప్పుకోవడం నాకిష్టం లేదు కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను.

మొదటిరోజు సుశీలమ్మ పాట పెట్టాను. అత్తయ్య పక్క గదిలోంచి కర్ర పట్టుకుని వచ్చి, "ఆవిడ ఊపిరి తీసుకోవడం వినపడుతోందే!" అన్నారు. చాలా సంతోషం వేసింది. కానీ ఒక మాట. "చూశారా, అత్తయ్యకి ఉపయోగపడింది" అని నేను వదినకి చెప్పలేదు, చెప్పను. అలా చెబితే మళ్లీ అదే గేట్‌పాసు చూపించినట్టు. అత్తయ్యకి నచ్చకపోయినా, ఎవరూ వినకపోయినా, అది నేను చేసుకున్నది, నాకు ఇష్టమై చేసుకున్నది. అంతకు మించి కారణం అక్కర్లేదు.

మీరందరూ యాంప్లిఫయర్లు చేయమని నేననడం లేదు. మీది వీణ కావచ్చు, చదరంగం కావచ్చు, రాత్రిపూట నక్షత్రాలు చూడడం కావచ్చు. డబ్బు తేకపోయినా, కూరకి పనికి రాకపోయినా, దానికి రోజుకో గంట ఇవ్వండి. ఎవరైనా "ఖాళీయేగా?" అంటే అలవాటుగా ఔననకండి. పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డ ఆడపిల్ల ఉంటే, టార్చి తీసుకుని పనిముట్టు దాని చేతికివ్వండి. కాస్త చురుక్కుమంటే చన్నీళ్లు ఉన్నాయి.

పాప దసరా సెలవులకి వస్తోంది. రెండో చానెల్లో కాస్త గుయ్యిమని మోత వస్తోంది, ఎర్తు తీగ దారి మార్చాలి. నేను చేయలేక కాదు. దానికోసం అట్టే పెట్టాను. ఈసారి టార్చి నేను పట్టుకుంటాను.