సత్యమెవరి సొత్తు?

మేలు కొఱకు దాచిన నిజము దోషము కాదనుట మన సీమలో నేడు తిరుగులేని ప్రమాణమై కూర్చున్నది. పెండ్లి కుదుర్చువారు వేయి అబద్ధముల సామెతతో దీనిని సమర్థింతురు. చదువుకొన్నవారు ఇంకొక మెట్టెక్కి, పోతన భాగవతమున శుక్రాచార్యుడు బలికి చేసిన బోధను ఉదాహరింతురు. ఆడువారియెడ, పెండ్లిండ్లయెడ, ప్రాణమానవిత్తములకు ముప్పు కలిగినయెడ బొంకవచ్చునను ఆ పద్యము, పోతన నడచిన నేల తమదేయని నమ్ము ఒంటిమిట్ట ప్రాంతమున నేమి, కర్నూలు కచేరీ అరుగులమీద నేమి, నోటికి రానివారు అరుదు. దాని ముందువెనుకలు తలచువారు మఱింత అరుదు.

ఆ బోధ రాక్షసగురువుది, బలి దానిని త్రోసిపుచ్చెను, ఇంతవరకు అందఱెఱిగినదే. అయితే బొంకుమని బోధించుటకు ముందు శుక్రుడు చేసిన పనియొకటి కలదు. యాచింప వచ్చిన పొట్టివడుగు విష్ణువే యనియు, అడిగిన మూడడుగులలో ముల్లోకములును చెల్లిపోవుననియు ఆయన శిష్యునికి దాపరికము లేక తెలిపెను. ఆ నిజము విన్న పిమ్మట ధారపోసెను గనుకనే బలి యిచ్చినది దానమైనది. శిష్యుని మనసు నొచ్చునని గురువు నోరు మూసికొని యున్నచో, బలి దాతగా గాక మోసపోయినవాడుగా మిగిలియుండెడివాడు. శుక్రుని పేరుచెప్పి నిజమును దాచువారు, ఆయన బొంకును పట్టుకొని ఆయన చేసిన మేలును విడిచిపెట్టుచున్నారు.

ప్రతి నిజమును ప్రతివానికి చెప్పితీరవలయునని నా వాదము కాదు. కర్ణపర్వమున కౌశికుడను తాపసి, ప్రాణభీతితో పొదలలో దాగినవారి జాడ తఱుముకొని వచ్చిన దొంగలకు చెప్పి, సత్యవ్రతము చెల్లించుకొంటినని సంతసించి నరకమునకు పోయెను. పాఱిపోయినవారి జాడ వారి సొత్తు. దానిని దొంగలకు పంచియిచ్చు హక్కు కౌశికునికి లేదు. ద్రోణుని విషయము దీనికి విపరీతము. కొడుకు బ్రదికియున్నాడా లేదా యనునది తండ్రికి చెందిన సత్యము. చచ్చినది ఏనుగను మాటను ధర్మరాజు లోగొంతుకతో పలికినంతనే, అంతవరకు నాలుగంగుళములు పైని నడచిన ఆయన రథము నేలనంటెను. ఒక నిజము ఎవని బ్రదుకును తాకునో అది వానిది. ఇతరులనుండి దానిని దాచుట రక్షణము. వానినుండియే దాచుట అపహరణము.

ఈ అపహరణము దయ పేర జరుగుచోటు ఆసుపత్రి. 1956లో వైద్యకళాశాల వెలసినది మొదలు కర్నూలు పెద్దాసుపత్రికి కడప, అనంతపురము పల్లెలనుండియే గాక రాయచూరు, పాలమూరు వైపునుండియు రోగులు వచ్చుచుందురు. వార్డు బయట కొడుకు డాక్టరు చేతులు పట్టుకొని, "మా నాయనకు చెప్పద్దు సార్, దిగులుతోనే పోతాడు" అని బ్రతిమాలును. డాక్టరు లోనికి వచ్చి, కడుపులో పుండు, మందులకు మానునని చెప్పును. పత్తికొండ వైపు వేరుసెనగ పండించు ముసలిరైతే ఆ రోగియనుకొందము. అతని తలలోని లెక్క ఏ పుస్తకమునను లేదు: ఎవరికిచ్చిన చేబదులు ఎంత, ఏ నోటును మూడేండ్లు నిండకమునుపే తిరగ వ్రాయించుకోవలయును, పొత్తుబోరులో ఏ అన్నదమ్మునికి ఎన్ని గంటల నీరు, పుట్టింటికి వచ్చిచేరిన కూతురికి ఏ చేను వ్రాయవలయును. పుండే కదా, మానిన తరువాత చూచుకొందమని అతడు ఊరకుండును. నోటు గడువు దాటును, చేను దాయాదుల వ్యాజ్యమున పడును. దిగులైనను తప్పినదా? కోడలు కన్నులు తుడుచుకొని లోనికి వచ్చుటను, ఎన్నడును రాని బంధువు పండ్లు తెచ్చుటను అతడు చూచుచునే యున్నాడు. అర్థమైన సంగతిని అడుగుటకు మాత్రము తోడులేనివాడైనాడు.

రోగస్థితిని పెంచిగాని తగ్గించిగాని చెప్పరాదని వైద్యుల 2002 నియమావళి శాసించుచున్నది. మత్తులో నున్న వయోజనురాలి బదులు, ప్రాణాపాయము లేనివేళ, తల్లి యిచ్చిన ఒప్పుదల చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్చినది. దేహమునకు కోత పెట్టుటకే పరుల ఒప్పుదల చాలనప్పుడు, మిగిలిన ఆయువును ఎట్లు గడపవలయునో పరులే నిర్ణయించుట ఏ న్యాయము?

ఇంటిలో కొడుకు చేయునది ఊరియెడ ప్రభుత్వము చేయును. కడప జిల్లా వేముల మండలము తుమ్మలపల్లెలో యురేనియము ప్రాజెక్టుకు 2007లో శంకుస్థాపన జరిగినది. 2012లో పని ఆరంభమైనది. వ్యర్థములను నిలువజేయు టెయిలింగ్ పాండు చెంతనున్న కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు బోరునీరు చెడినదనియు, అరటితోటలు ఎండుచున్నవనియు మొఱపెట్టిరి; ప్రాజెక్టు నడుపు సంస్థ అది తనవలన కలుగలేదనెను; 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసిచ్చినది. ఇందులో ఎవరిది ఒప్పో తేల్చుట శాస్త్రజ్ఞుల పని. ఆ నీటిలో ఏమున్నదో త్రాగువానికి తెలియుటకు ముందు ఫైలులో చేరి నిద్రించుట తగునా యనునది మాత్రము అందఱి ప్రశ్న. 1962 నాటి అణుశక్తి చట్టము 18వ సెక్షను అణు సమాచారమును గుప్తముగా నుంచు అధికారమును కేంద్రమున కిచ్చినది. కర్మాగార మర్మములు శత్రువునకు దక్కరాదనుట కౌశికుడు నేర్వని పాఠమే. దానికి నాకును సమ్మతమే. కాని కొట్టాల రైతు శత్రువు కాడు, అతని బోరునీటి పరీక్షాఫలితము దేశరహస్యము కాదు.

చెప్పినచో జనము బెదరుదురని అధికారులందురు. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియము కొఱకు బోర్లు వేయుదురను వార్త రాగానే చుట్టుపట్ల పల్లెలవారు రోడ్డెక్కిరి. వారిని ముందుగా ఎవరు ఏమి చెప్పి బెదరించిరి? నీటి లెక్కలు, గాలి లెక్కలు ఊరి చావడిలో తేటతెలుగున వ్రాసి తగిలించు అలవాటే యున్నచో, పుకారుకు అంత బలము వచ్చెడిదా? దాచినచోట జనము ఊహింతురు; ఊహకు మేర లేదు.

ఇక మిగిలినది ఒక్క ఆక్షేపణము: కొందఱు నిజముగనే వినగోరరు. ఒప్పుకొందును. అట్టివానిని, "నీ రోగము సంగతి నీకే చెప్పవలయునా, నీ కొడుకుకు చెప్పమందువా?" అని ముందే అడుగవచ్చును, అతడు కొడుకుకే చెప్పుడనినచో వైద్యుడు మౌనము వహించుట ధర్మమే. తన సొత్తును తాను వదలుకొను హక్కు ప్రతివానికిని కలదు. కాని వద్దనవలసినవాడు అతడే. అతని తరఫున వద్దనుటకు కొడుకైనను సర్కారైనను చాలరు.